సీసాకు చెప్పుకున్నాయన

ఆదివారం ఎనిమిది కాకముందే సుందర్ రావు చర్చి ఊడ్చేసి చాపలు పరుస్తున్నాడు. హసన్‌పర్తి చివరనున్న ఆ రేకుల చర్చిలో పద్దెనిమిదేళ్లుగా ఆయన పని అదే. చాప విదిలించినప్పుడల్లా ఎడమ చెయ్యి గుంజుతోంది. మూడు రోజులుగా ఇదే వరస. ఎవరూ చూడకుండా జేబులోంచి చిన్న సీసా తీసి రెండు చుక్కల నూనె ఛాతీకి రాసుకున్నాడు.

అది ప్రార్థన నూనె. పోయిన నెల హనుమకొండలో రోగాలు నయం కావాలని స్వస్థత కూటాలు జరిగితే తెచ్చుకున్నాడు. పిల్లలు లేరు. భార్య కృపమ్మ పోయి నాలుగేళ్లు. పలకరించే దిక్కులేక, అన్నం తినేటప్పుడు సీసాను ఎదురుగా పెట్టుకుని, "ఇయ్యాల ఈడ సలుపుతాంది, జర చూడు" అని దానికే చెప్పుకునేవాడు.

ఒక్కగానొక్క అన్న గట్టయ్య పాలకుర్తిలో ఉన్నాడు, కానీ మాటల్లేవు. బాప్తిస్మం తీసుకుని క్రైస్తవుడైన కొత్తలో సుందర్ రావు ఆ ఇంటికి వెళ్లి, పూజలో ఉన్న మనిషిని, "అన్నా, నీ దేవునికి చెవులైతే ఉన్నయి, ఇంటడానే?" అని వెక్కిరించాడు. అన్న పూజ ఆపలేదు. ఆ తర్వాత ఎన్నడూ తమ్ముడితో మాట్లాడలేదు.

ఆరాధనకు అందరికంటే ముందొచ్చిన నర్సు ప్రసన్న ఆయన మొహం చూసి ఆగింది.

"తాతా, గిన్ని చెమటలేంది? దవాఖానకు నడువు, ఈసీజీ తీపిద్దాం."

"నూనె రాసిన బిడ్డా. ఏం ఫికర్ లేదు."

ఆ రోజు పాస్టర్ స్టీఫెన్ బైబిల్లో విగ్రహాల గురించిన కీర్తన తీశాడు. కళ్లుండీ చూడనివి, చెవులుండీ విననివి. సుందర్ రావు అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాడు.

"ఊరోళ్ల బొమ్మల ముచ్చట ఇడ్సిపెట్టుండ్రి. మనల్ని కాపాడుతదని మనమే మోసుక తిరిగేది మన దగ్గర ఏముందో చూసుకోండ్రి" అన్నాడు పాస్టర్.

సుందర్ రావు చెయ్యి జేబు మీదికి పోయింది. సిగ్గుతో కుంచించుకుపోయాడు. అన్న పూజించే బొమ్మకు చెవులైనా ఉన్నాయి, ఈ సీసాకు అవి కూడా లేవు.

ఆరాధన అయ్యాక తనే ప్రసన్న దగ్గరికి వెళ్లాడు. "బిడ్డా, దవాఖానకు పోదాం. ముందుగాల మా అన్నకు ఫోన్ కలుపు."

నంబరు ఆయనకు నోటికొచ్చు. ఫోన్ కలిపి చేతికిచ్చి, ఆమె స్కూటీ తేవడానికి పరుగెత్తింది. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"అన్నా, నేను సుందర్‌ను. ఆనాడు నిన్ను ఎక్కిరిచ్చిన. తప్పైంది."

అటునుంచి గట్టయ్య గొంతు పలికింది.

"ఎన్నేండ్లాయెరా నీ గొంతు ఇనక! ఏడున్నవ్? నేనస్తున్న, ఆడనే ఉండు."

సుందర్ రావుకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లకు తన మాట విని, తిరిగి పలికిన మనిషి. ఇంకా చాలా చెప్పాలనుకున్నాడు, కానీ ఊపిరి అందలేదు.

ప్రసన్న వచ్చేసరికి ఫోన్లో గట్టయ్య ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. ఆమె నాడి పట్టుకుని చూసింది. ఎంతసేపు చూసినా దొరకలేదు.

మధ్యాహ్నానికి జనమంతా ఆయన ఇంటికి తరలిపోయారు. చర్చి గడప బయట, తెగిన పట్టీకి పిన్నీసు పెట్టిన ఆయన రబ్బరు చెప్పుల జత ఒక్కటే మిగిలింది.