కిటికీలో మొక్క తాగిన నీళ్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది మోకాలి ఆపరేషనై పది రోజులైన కండక్టరమ్మ, ఆవిడ కొడుకు, కోడలు, కిటికీలో ఒక మొక్క, చూసి రమ్మని ఆస్పత్రి వాళ్లు పంపిన నర్సింగ్ అమ్మాయి. ఈ పిల్ల ఎంత మెల్లగా మాట్లాడుతుందంటే, తోటి పిల్లలు గుసగుస అని పేరు పెట్టేశారు.

కండక్టరమ్మది ముప్పై ఏళ్లు బస్సులో అరిచిన గొంతు.

"ఏమన్నావే? నీ మాట నీ చెవికైనా చేరుతుందా?"

"నీళ్లు తాగుతున్నారా బామ్మగారూ, అని..."

"ఇప్పుడేగా సీసా ఖాళీ చేశా, చూసుకో!"

సీసా ఖాళీయే. ఆవిడ పెదాలు మాత్రం ఎండి పొలుసులు లేస్తున్నాయి.

వంటింట్లో కోడలు గొంతు తగ్గించింది. "పొద్దున మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. మంట అంటోంది."

 ఇది ముదిరి జ్వరం వచ్చిందంటే ఆవిడ మళ్లీ ఆస్పత్రి మంచమెక్కాల్సిందే. గుసగుస తిరిగొస్తుంటే మంచాన్ని ఆనుకున్న కిటికీలో మొక్క నిగనిగలాడుతూ కనిపించింది. వేలు పెట్టి చూస్తే కుండీ నిండా బురద.

"దీనికి నీళ్లెవరు పోస్తారక్కా?"

"ఎవరికి తీరిక? దాని మొహం చూసి నెలయింది."

గుసగుస వెళ్లి మంచం పక్కన కూర్చుంది. "బామ్మగారూ, మీ సీసా మొక్క తాగేస్తోంది కదూ?"

మొదటిసారి ఆ గొంతు తగ్గింది. "తాగితే వెళ్లాలి. వెళ్లాలంటే వీళ్లిద్దరూ కుర్చీతో సహా మోసుకెళ్లాలి. కన్నకొడుకు తలుపు బయట నిలబడి 'అయిందా అమ్మా' అంటుంటే నా తల కొట్టేసినట్టుంది. మళ్లీ ఆస్పత్రికి మాత్రం పంపకే, నీకు పుణ్యముంటుంది."

"మరి వాకర్ ఇచ్చారుగా?"

వాకర్ మూలనుంది. దాని మీద తడి తువ్వాళ్లు ఆరుతున్నాయి.

"పడిపోతుందేమోనని భయం," నసిగాడు కొడుకు.

"నేను పక్కనే ఉంటా. తువ్వాళ్లు తీయండన్నయ్యా!"

అంత గట్టిగా అన్నది తనేనా అని గుసగుసకే అనుమానమొచ్చింది.

కండక్టరమ్మ రెండు గ్లాసుల నీళ్లు గటగటా తాగింది. కాసేపటికి లేచి నిలబడింది.

"ముందు వాకర్. తర్వాత ఆపరేషన్ కాలు. ఆ తర్వాత మంచి కాలు," పక్కనే నడుస్తూ చెప్పింది గుసగుస.

"రైట్... రైట్... హోల్డాన్!" తన బండికి తనే కండక్టరు. వెనకాలే కుర్చీ ఎత్తుకుని వస్తున్న కొడుకు మీద విరుచుకుపడింది. "కింద పెట్టరా దాన్ని! ఇదేమైనా ఊరేగింపా?"

పదకొండు అడుగులు. చెమటలు పట్టాయి కానీ బాత్రూమ్ చేరింది. గుసగుస ఆవిణ్ణి జాగ్రత్తగా కూర్చోబెట్టి, పట్టుకునే కడ్డీ చూపించి, గుమ్మంలోనే నిలబడింది. చిన్న గది, కూర్చున్నచోటికే తలుపు అందుతుంది.

"ఇంకా వేలాడతావేం? లోపల సీట్లు లేవు, దిగు దిగు!"

"గడియ మాత్రం పెట్టకండి బామ్మగారూ!" గుసగుస అరిచిన అరుపు వీధి చివరిదాకా వెళ్లింది.

"వినబడిందిలే!" అని పకపకా నవ్వి, కండక్టరమ్మ ఆ పిల్ల మొహం మీదే ధడాలున తలుపు వేసేసింది.