తొమ్మిది మార్కుల మైసమ్మ

మధ్యాహ్నం రెండు కావస్తుంటే మైసమ్మ కాలు ఒక్కచోట నిలవదు. బడిపిల్లలు తిని లేచాక బగోనెలు తోమి, పొయ్యిలో బూడిద ఎత్తిపోసి, కొంగుతో చేతులు తుడుచుకుని, వంట షెడ్డు వెనక మెట్టు మీద కూర్చుంటుంది. ఫోను ఒళ్ళో పెట్టుకుంటుంది. ఆ వేళకు మోత్కూరులో సగం ఊరు కునుకు తీస్తుంటుంది. మైసమ్మకు అప్పుడే తెల్లవారుతుంది. తోటి వంటమనిషి నర్సింగమ్మ ఆకూ వక్కా నములుతూ, ఈమెకు ఈ పిచ్చి ఏమిటో అన్నట్టు చూస్తుంటుంది.

ఆ పిచ్చి పేరు 'రోజుకు పది'. ఫోనులో ఒక గ్రూపు. నల్లగొండలో ఉద్యోగ పరీక్షల పిల్లలకు పాఠాలు చెప్పే కృష్ణకాంత్ సారు దాన్ని పెట్టాడు. అన్నం తిన్నాక పిల్లలు పుస్తకం మీదే నిద్రపోతున్నారని సరిగ్గా రెండింటికి పెట్టాడట. రెండు వందల మంది దాకా ఉంటారు. పది ప్రశ్నలు గొంతుతో వస్తాయి. ఒక్కోదానికి నాలుగు జవాబులు. కింద ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలుంటాయి, అర నిమిషంలో ఏదో ఒకటి నొక్కాలి. ఎవరు ఏది నొక్కారో సారుకే కనిపిస్తుంది. వారం రోజులు రాకపోతే పేరు తీసేస్తారు. ఒకరి పేరు మీద ఇంకొకరు ఆడినా తీసేస్తారు. ఇక ఆ రోజు పదికి పది తెచ్చుకుని గెలిచినవాళ్ళు మర్నాడు తమ గొంతుతో పది ప్రశ్నలు అడగాలి. తన పని ఇంకొకరి నెత్తిన పెట్టే తెలివి సారుకు బాగానే ఉంది.

మైసమ్మకు అక్షరం ముక్క రాదు. అంకెలు వచ్చు, చెవులు బాగా పనిచేస్తాయి. ఈ ఆటకు ఆ రెండూ చాలు.

ఆ చెవుల్లో లోకజ్ఞానం పోసింది కూతురు మెర్సీ. ఆరేళ్ళపాటు ఇంట్లో ఇటునుంచి అటు నడుస్తూ గట్టిగా చదివేది. బియ్యంలో రాళ్ళు ఏరుతున్న తల్లిని ఆపి, "అమ్మా, నాలుగు చెప్త, ఒకటి పట్టు" అనేది. మైసమ్మ పట్టేది, మొదట్లో గుడ్డిగా, తర్వాత తెలిసే. ఏ చట్టం ఏ సంవత్సరంలో వచ్చిందో, ఏ నది ఏ కొండల్లో పుట్టిందో, ఆమె బతుక్కు ఎందుకూ పనికిరాని సంగతులన్నీ బుర్రలోకి ఎక్కి కూర్చున్నాయి. మెర్సీకి మాత్రం ఉద్యోగం రాలేదు. ఒకసారి రెండు మార్కుల్లో పోయింది, ఇంకోసారి ఒకే ఒక్క మార్కులో పోయింది. ముప్పయ్యో ఏడు వచ్చిన రోజున పుస్తకాలన్నీ బస్తాలో కట్టి అటక మీద పడేసి, "ఇగ ఆ ముచ్చట నా ముందట తియ్యకు" అంది. చిట్యాల దగ్గర హైవే మీద ఒక హోటల్లో బిల్లులు కొట్టే పనికి చేరి, అక్కడే కిరాయి గదిలో ఉండిపోయింది. కొత్త ఫోను కొనుక్కుంది, కొత్త నంబరు తీసుకుంది. పాత ఫోను తల్లికి మిగిలింది. దాంట్లో గ్రూపూ మిగిలింది.

బిడ్డ కోపం రేపో మాపో దిగుతుంది, అప్పటిదాకా దాని జాగా పోకుండా చూద్దామని మైసమ్మ అనుకుంది. బస్సు సీటు మీద రుమాలు వేసినట్టు మెర్సీ పేరు మీద తాను కూర్చుంది. వారం గడిచింది, నెల గడిచింది. మెర్సీ రాలేదు. మైసమ్మ లేవలేదు. అలా రెండేళ్ళు అయింది.

గెలిస్తే గొంతు వినిపించాలి. మెర్సీ గొంతు ఆ గ్రూపులో చాలామందికి తెలుసు. అందుకని మైసమ్మ ఒక ఉపాయం పట్టింది. అన్నీ తెలిసిన రోజున ఒకటి కావాలని తప్పు నొక్కడం. రోజూ తొమ్మిదితో సరిపెట్టుకోవడం. తెలిసి తెలిసి తప్పు నొక్కడమంటే, బాగా కుదిరిన పప్పులో చేతులారా ఉప్పు కుమ్మరించడమే. అయినా కుమ్మరించేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతోంది, ఎవరూ చూడటం లేదు, అంతా బాగానే ఉంది.

ఆ మంగళవారం తొమ్మిదీ ఒప్పయ్యాయి. పదో ప్రశ్న వచ్చింది. ప్రపంచంలో జనాభా ఎక్కువ ఉన్న దేశం ఏది? మైసమ్మకు నవ్వు వచ్చింది. చైనా. మెర్సీ వందసార్లు చదివిన ముక్క అది. చైనా ఒకటో జవాబు, ఇండియా మూడోది. మూడు నొక్కి, ఈ రోజుకూ గండం గడిచిందనుకుని నీళ్ళు తాగడానికి లేచింది.

కృష్ణకాంత్ సారు గొంతు వెనక ఫోనులోంచి వచ్చింది. "అందరు అలవాటు కొద్ది చైనా కొట్టిండ్రు. లోకం మారింది, మీ పుస్తకాలు మారలే. ఇండియా దాటిపొయ్యి ఏడాదైంది. పదికి పది ఒక్కళ్ళకే వచ్చినయి, మెర్సీకి. రెండేండ్ల సంది రోజూ తొమ్మిదే. అయినా ఒక్కనాడు మానలే. ఓపికంటే గది. రేపు ప్రశ్నలు మెర్సీయే అడుగుతది."

మైసమ్మ నీళ్ళు తాగకుండానే తిరిగొచ్చి ఫోను పట్టుకుంది.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?" అంది నర్సింగమ్మ.

"గెలిచిన అక్కా."

"గెలిస్తే ఏడుస్తరా ఎవరన్నా?"

దొంగకు తేలు కుట్టింది, అరవడానికి లేదు. సాయంత్రం దాకా ఫోను మోగుతూనే ఉంది. ఒక్కొక్కరూ గొంతు పంపుతున్నారు. ఎవరో ఎల్లేష్ అట, కొల్లాపూర్ నుంచి. "మెర్సక్కా, నేను మొన్ననే పుస్తకాలు పాత పేపర్లోనికి కాటాకు ఏద్దామనుకున్న. నిన్ను జూసి ఆగిన. నువ్వే ఇడిసిపెట్టలేదు, నేనెట్ల ఇడుస్త." మైసమ్మ అది మూడుసార్లు విన్నది. ఎవరో ఊరు కాని ఊరి పిల్లవాడు తన అబద్ధం మీద ఆనుకుని కూర్చున్నాడని తెలిసి ఆమెకు భయమేసింది.

ఇంటికి వచ్చింది కానీ ఇంట్లో ఉండలేకపోయింది. నల్లా దగ్గరికి పోయింది, బిందె ఇంట్లోనే మరిచింది. బిందె కోసం వచ్చి, ఎందుకు వచ్చిందో మరిచి, పొయ్యి అంటించింది. కాలు కాలిన పిల్లి కూడా అన్నిసార్లు తిరగదు. పైగా తలలో, ఎవరూ అడగకుండానే, పది ప్రశ్నలు తయారవుతున్నాయి. మొదటిది నది మీద పెట్టాలి. నాలుగోది జర కష్టంగా ఉండాలి. గొంతు విప్పే దారి లేనప్పుడు ఈ వంట ఎవరికోసమని తనను తాను తిట్టుకుంది. తిట్టుకుంటూనే అయిదోది కూడా కట్టింది.

దీపాలు పెట్టే వేళకు మెర్సీ ఫోను చేసింది.

"అమ్మా, నా పాత ఫోన్ల ఎవరు ఆడుతున్నరు?"

"ఏం ఆట బిడ్డా?"

"పూజ మెసేజ్ పెట్టింది." పూజ ఆమెతో పాటు చదువుకున్న పిల్ల, ఇంకా ఆ గ్రూపులోనే ఉండి చదువుతోంది. "బంద్ చేసిన్నని చెప్పి దొంగచాటుగ చదువుతున్నవా అని అడుగుతాంది."

"బడి పోరగాండ్లు ఏదన్న నొక్కిండ్రు కావచ్చు."

"రెండేండ్ల సంది రోజూ తొమ్మిది మార్కులు నొక్కిండ్రా పోరగాండ్లు?"

ఈ ప్రశ్నకు నాలుగింట్లో ఒకటి ఎంచుకునే వీలు లేదు.

"రేపు వస్తున్న" అని మెర్సీ పెట్టేసింది.

మర్నాడు పన్నెండున్నరకు వచ్చింది. అప్పుడే పిల్లలు పళ్ళాలు పట్టుకుని వరసలో ఉన్నారు. అందరికీ వడ్డించేదాకా తల్లి కదలడానికి లేదు. మెర్సీ గోడ పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చుని, కాలు ఆడిస్తూ చూస్తోంది. మైసమ్మ కూతురి వైపు చూస్తూనే వడ్డించింది. ఒకడికి రెండు గుడ్లు పడ్డాయి. ఇంకొకడు గుడ్డు లేదని అడిగితే, ఉన్నది కదా అని కసిరింది. చివరికి నర్సింగమ్మ గరిటె లాక్కుని, "పోవే, పొయ్యి ఆ పిల్లతోని మాట్లాడుపో" అంది.

షెడ్డు వెనక ఇద్దరూ నిలబడ్డారు. మెర్సీ అరవలేదు. అరిస్తే మైసమ్మకు తేలికగా ఉండేది.

"అమ్మా, ఆరేండ్లు చదువుడు కష్టమని అందరికి తెల్సు. బంద్ చేసుడు ఎంత కష్టమో నీకు తెల్వదు. మూడు నెలలు అన్నం సయించలే నాకు. మా హోటలుకు ఎవరన్న పరీక్ష పుస్తకం పట్టుకొని వస్తే, బిల్లు కొట్టి మొఖం తిప్పుకునేదాన్ని. ఇప్పుడిప్పుడే తిప్పుకోకుంట చూడగలుగుతున్న. నా బతుకుల నేను సొంతంగ తీసుకున్న నిర్ణయం గదొక్కటే. నువ్వు దాన్ని గూడ లేకుంట చేసినవ్. లోకానికి నేనింకా పరిగెత్తుతనే ఉన్న."

"మొదటి వారం నీ కోసమే బిడ్డా. నీ జాగా పోతదని."

"తర్వాత?"

మైసమ్మ తల వంచుకుంది. అబద్ధం చెప్పడానికి నిన్ననే చేతకాలేదు.

"తర్వాత నా కోసం. రోజంతా నన్ను ఎవరన్నా పిలిస్తే ఉప్పెక్కువైందని చెప్పనీకే పిలుస్తరు. రెండు కొడితే నేను తొమ్మిది మార్కులదాన్నైత. పావుగంటే. గంతకు మించి ఆశపడలే."

 మెర్సీ చెయ్యి చాచింది. "ఫోన్ ఇటియ్యి. నేను ఎప్పుడో బంద్ చేసిన్నని నేనే చెప్త."

"నువ్వు చెప్తే దొంగవు నువ్వైతవ్. రెండేండ్లు ఎవరు నొక్కిండ్రని అడుగరా? నొక్కింది నేను. నేనే చెప్త."

"తీసేస్తరు."

"తెల్సు."

రెండయింది. గ్రూపులో రెండు వందల మంది మెర్సీ గొంతు కోసం ఎదురుచూస్తున్నారు. మైసమ్మ మెట్టు మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. రోజూ వింటూ వచ్చిన చోట ఇప్పుడు తాను మాట్లాడాలి. మెర్సీ మైకు బొమ్మ నొక్కి పట్టుకుని, ఫోను తల్లి నోటి దగ్గర పెట్టింది.

"సారూ, నమస్తే. నేను మెర్సీ వాళ్ళ అమ్మను. నా పేరు మైసమ్మ. మోత్కూరు బడిల వంట చేస్త. మెర్సీ రెండేండ్ల కిందనే బంద్ చేసింది. అప్పటిసంది నొక్కుతున్నది నేను. గా తొమ్మిదులన్ని నావి, నిన్నటి పది గూడ నాదే. ఆమెకు ఓపికున్నదని మెచ్చుకోకుండ్రి. ఓడిపొయ్యిందని గూడ అనుకోకుండ్రి. ఆమె చాలనుకున్నది, గంతే. కొల్లాపూర్ పిలగా, ఎల్లేషు, నువ్వు చదువుతనంటే చదువు, ఆపుతనంటే ఆపు. నన్ను జూసి మాత్రం చెయ్యకు బిడ్డా. నాకు చదువే రాదు."

మెర్సీ వేలు తీసింది. గొంతు గ్రూపులోకి వెళ్ళిపోయింది.  నర్సింగమ్మ నమలడం ఆపింది.

చివరికి సారు మాట్లాడాడు. గొంతు బాగా తగ్గింది. "అమ్మా, మీరు చెప్పింది మంచిగైంది. కని ఒకరి పేరు మీద ఒకరు ఆడొద్దన్న మాట మొదటిరోజే పెట్టుకున్నం. గదే తప్పుకు ఇంతకుముందు ముగ్గుర్ని తీసేసిన. మిమ్మల్ని ఉంచితే వాళ్ళకేం చెప్పాలె. మన్నించుండ్రి." ఆ వెంటనే తెర మీద ఏదో సన్నని అక్షరాల వరస పడింది.

"ఏమున్నది గండ్ల?" అని మైసమ్మ అడిగింది.

"తీసేసిండ్రని ఉన్నది."

"మంచిది" అంది మైసమ్మ. మంచిదని ఆమెకు ఏ కోశానా అనిపించలేదు.  ఇకనుంచి రోజూ రెండు కొడుతుంది, కొట్టిన తర్వాత ఏమీ ఉండదు. లేచి, తోమిన బగోనెనే తీసుకుని మళ్ళీ తోమడం మొదలుపెట్టింది. మెర్సీ కాసేపు చూసి, ఆ బగోనె చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

మెర్సీ అయిదింటికి డ్యూటీ ఎక్కాలి. ఇద్దరూ బస్టాండుకు నడిచారు. దారి పొడుగునా మైసమ్మ పెదాలు కదులుతున్నాయి.

"ఏం గొణుగుతున్నవ్?"

"ఏం లేదు. పది ప్రశ్నలు తయారు చేసుకున్న నిన్న. అడిగేది లేదని తెల్సు. అయినా అయినయి. ఇప్పుడు నోట్ల తిరుగుతున్నయి, పోతలేవు."

మెర్సీ బస్సు కోసం రోడ్డు వైపే చూస్తోంది. రామన్నపేట మీదుగా చిట్యాల పోయే బస్సు మలుపు తిరిగింది. "మొదటిదేంది?" అంది, తల తిప్పకుండానే.

"నీకెందుకులే. వద్దన్నవ్ గద ఆ ముచ్చట."

"పరీక్షల ముచ్చట వద్దన్న. నిన్ను అడగొద్దన్ననా?"

మైసమ్మ గొంతు సవరించుకుంది. చుట్టూ చూసింది. "మూసీ పొయ్యి కృష్ణల ఏడ కలుస్తది? ఒకటి సోమశిల, రెండు ఆలంపూరు, మూడు వాడపల్లి, నాలుగు నాగార్జునసాగర్."

బస్సు వచ్చి ఆగింది. మెర్సీ జవాబు చెప్పకుండానే జనంలో తోసుకుంటూ ఎక్కింది. మైసమ్మ కిటికీల వెంట అటూ ఇటూ నడిచింది. ఏ కిటికీలోనూ కూతురి ముఖం దొరకలేదు. అడగకుండా ఉంటే బాగుండేదని, మానుతున్న పుండును మళ్ళీ కెలికానని గుండె పీకింది. బస్సు కదిలింది. దుమ్ము కూడా అణిగింది. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

చేతిలో ఫోను మోగింది.

"మూడు" అంది మెర్సీ. వెనక కండక్టర్ టికెట్ టికెట్ అంటున్నాడు. "అర నిమిషం దాటిందా?"

"దాటింది. అయినా ఒప్పుకుంట" అంది మైసమ్మ. 

"రెండోది అడుగు అమ్మా" అంది మెర్సీ.