రెండున్నర లీటర్లు

రెండో ఆపరేషన్ థియేటర్‌లో మత్తుమందు నీళ్లలా ఖర్చవుతోందని హెడ్ నర్సు ఒక సోమవారం ఉదయం అక్కడ మత్తు మిషన్ చూసే టెక్నీషియన్‌ని పిలిచి నిలదీసింది.

"మిగతా గదుల్లో సీసా వారం వస్తోంది. మీ గదిలో మూడు రోజులకే ఖాళీ. మీ డాక్టరుగారిది మరీ ధారాళమైన చెయ్యా ఏమిటి?"

"ఏమో మేడం, చూస్తాను."

"చూడటం కాదు, రాయి. ప్రతి ఆపరేషన్‌కీ గ్యాసు ఫ్లో ఎంత, డయల్ ఎంత, ఎంతసేపు. అన్నీ రాసి నాకు చూపించు."

టెక్నీషియన్ తలూపింది గానీ మనసులో ముల్లు గుచ్చుకుంది. ఆ మత్తు డాక్టరు ఆమె బావ, సొంత అక్క భర్త. ఈ కోర్సు చదివించిందీ, ఈ పనిలో నిలబెట్టిందీ ఆయనే. ఆసుపత్రిలో 'సార్', ఇంట్లో 'బావా'. చేరిన కొత్తలో తడబడి, థియేటర్ నిండా జనం ఉండగా "బావా, ట్యూబు" అనేసింది. సర్జన్ కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు.

లెక్క నేర్పిందీ బావే. మిషన్‌లోంచి నిమిషానికి ఎన్ని లీటర్ల గ్యాసు వెళ్తోందో చూసి, దాన్ని డయల్ మీది మందు శాతంతోనూ మూడుతోనూ హెచ్చవేస్తే, గంటకు ఎన్ని మిల్లీలీటర్ల మందు ఆవిరవుతోందో సుమారుగా తెలిసిపోతుంది. "రోగికి కావాల్సింది కాస్తే. ఫ్లో ఎక్కువ పెట్టావా, మిగిలిందంతా గొట్టంలోంచి బయటికే" అనేవాడు. అందుకే రోగి బాగా నిద్రలోకి జారగానే ఫ్లో ఒక లీటరుకు తగ్గించేవాడు.

వారం రోజులు రాసింది. ఒక లీటరు, రెండు శాతం. గంటకు ఆరు మిల్లీలీటర్లు. రోజుకు ఆరు గంటల పని. ఎలా లెక్కేసినా రెండువందల యాభై మిల్లీలీటర్ల సీసా వారం రావాలి. రావడం లేదు. మందు పోసే చోట మూత బిగించి చూసింది. అతుకులన్నిటికీ సబ్బు నీళ్లు రాసి, బుడగలు లేస్తాయేమోనని కళ్లప్పగించి చూసింది. ఒక్క బుడగ లేవలేదు.

గురువారం మధ్యాహ్నం, రెండు ఆపరేషన్ల మధ్య, కొత్త గొట్టం కోసం సామాన్ల గదిలోకి వెళ్లింది. బీరువా వెనక స్టూలు మీద బావ కూర్చుని ఉన్నాడు. ముఖానికి గాజుగుడ్డ అదిమి పట్టుకున్నాడు. గదంతా మత్తుమందు తియ్యటి వాసన.

ఆమె గుడ్డ లాగేసింది. "ఎన్నాళ్ల నుంచి?"

ఆయన వెనక్కి గోడకు ఆనుకున్నాడు. "ఆ పిల్ల పోయినప్పటి నుంచి."

నాలుగు నెలల కిందట టాన్సిల్స్ ఆపరేషన్‌కి వచ్చిన ఏడేళ్ల పిల్ల బల్ల మీదే పోయింది. మత్తు డాక్టరు తప్పేమీ లేదని విచారణలో తేల్చారు. ఆయన ఒక్కడే ఆ మాట నమ్మలేదు.

"కళ్లు మూసుకుంటే ఆ తల్లి అరుపే. ఇది పట్టుకుంటే కాసేపు ఆగుతుంది."

"అక్కకి తెలుసా?"

"తెలిస్తే తట్టుకుంటుందా? ఒక్క నెల ఓపిక పట్టు. మానేస్తాను. నీ మీద ఒట్టు."

"ఈ చేతులతో ఇప్పుడు ఇంకొకరికి మత్తిస్తారా బావా?"

ఆయన తన చేతుల వంక చూసుకున్నాడు. "లేదు. ఒంట్లో బాలేదని చెప్పి వెళ్లిపోతాను" అన్నాడు. అన్నట్టే వెళ్లిపోయాడు కూడా.

ఆ సాయంత్రం ఆమె రిజిస్టరులో ఫ్లో ఒకటి అని ఉన్న చోటల్లా రెండున్నర అని తిరగరాసింది. ఇప్పుడు మూడు రోజుల సీసాకు లెక్క సరిపోయింది. మర్నాడు హెడ్ నర్సు చూసి, "అనుకున్నాను. ఫ్లో తగ్గించమని నేనే చెప్తాను" అంది. చెప్పింది కూడా. బావ తల వంచుకుని "పొరపాటే, తగ్గిస్తాను" అన్నాడు. ఆ మాట వింటూ పక్కనే నిలబడ్డ మరదలికి భూమి చీలితే బాగుండుననిపించింది.

తర్వాతి సీసా ఆరు రోజులు వచ్చింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. మాట నిలబెట్టుకున్నాడనుకుంది. ఆయన మూడో థియేటర్ సీసాల మీద చెయ్యి వేశాడని ఆమెకు తెలియదు.

మరో రెండు వారాలకు, మిట్టమధ్యాహ్నం, ఊడ్చడానికి సామాన్ల గది తలుపు తీసిన ఆయా కేక పెట్టింది. టెక్నీషియన్ పరుగెత్తింది. బావ గాజుగుడ్డ మీదే బోర్లా పడి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. ఆమె ఆక్సిజన్ సంచి నొక్కుతుంటే సర్జన్ చెమటలు కక్కుతూ ఛాతీ అదిమాడు. పదకొండో నిమిషంలో గుండె మళ్లీ కొట్టుకుంది. మనిషి మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు.

మూడో రోజు, ఐసీయూ బయట బెంచీ మీద, అక్క అడిగింది. "నీకు ముందే తెలుసా?"

"తెలుసక్కా."

"ఎప్పటి నుంచి?"

"నెల్రోజులు."

"చెబితే ఏమయ్యేది?"

"ఆయన ఉద్యోగం పోతుందని... పరువు..."

"పోనివ్వాల్సింది! ఉద్యోగమేగా పోయేది? అంతేగా?" అక్క గొంతు పెంచలేదు. అలా అనేసి లేచి, బెంచీ రెండో చివరికి వెళ్లి కూర్చుంది.

ఆ రోజే చెల్లెలు హెడ్ నర్సు దగ్గరికి వెళ్లి, రిజిస్టరులో రాసిందంతా అబద్ధమని చెప్పేసింది. హెడ్ నర్సు తిట్టలేదు. కుర్చీలో కూలబడి, "ఆ రోజు నాతో చెప్పాల్సింది పిచ్చిదానా" అంది. వారంలో టెక్నీషియన్‌ని పనిలోంచి తీసేశారు.

బావను ఇంటికి తెచ్చారు. నడుస్తాడు గానీ ఎవరైనా పట్టుకోవాలి. గుండీ పెట్టుకోలేడు. చెప్పబోయిన మాట సగంలోనే మరిచిపోతాడు. నెల రోజులు అక్క ఆమెను గడప తొక్కనివ్వలేదు. ఆ తర్వాత ఒక ఆదివారం ఫోన్ చేసింది.

"రేపటి నుంచి నేను స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లాలి. ఏడింటికి రా. ఆయనకి పాలు వేడిగా పట్టకు, పొలమారుతుంది."

"వస్తానక్కా."

అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు.

మర్నాడు తలుపు దగ్గర అక్క ఆమె మొహం చూడకుండా తాళంచెవి చేతిలో పెట్టి మెట్లు దిగిపోయింది. లోపల బావ కిటికీ పక్క కుర్చీలో ఉన్నాడు. చొక్కా ఎడమవైపు తడిసి ఉంది. ఆమె చొక్కా మార్చి, గుండీలు పెట్టి, స్టూలు దగ్గరికి లాక్కుని, రెండు గ్లాసుల్లో పాలు తిరగబోస్తూ చల్లార్చసాగింది.