మొదటి సాక్షి పెంచలమ్మ

ఏకాంబరం సర్కారు వకీలు ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తా. ఆఫీసంటే కోర్టు వెనక వరండా చివర ఒక గది, రెండు బీరువాలు, బయట ఒక పొడుగాటి బల్ల. సాక్షులకు సమన్లు పంపించడం, వచ్చినవాళ్లను బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి బెదురు తీర్చడం, ఆ రోజు పిలవాల్సిన పేర్లు రాసి బంట్రోతు చేతికివ్వడం అతని పని. మాట తక్కువ మనిషి. దెబ్బలు తిన్నవాళ్లు వచ్చి ఏడిస్తే ఊరుకోమనేవాడు కాదు. ఏడ్చినంతసేపూ కాగితాలకు దారం కుడుతూ పక్కనే నిలబడేవాడు.

అటువంటి మనిషి ఒక కాగితాన్ని తిరగేసి చూడలేదు.

ఐరాల పక్క పల్లెలో మడికి నీళ్లు కట్టే దగ్గర తగాదా వచ్చి, దామోదరం అనేవాడు పెంచలమ్మ అనే వయసు పిల్లను పారతో కొట్టాడు. కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిగింది. ఆస్పత్రిలో ఆమె ఇచ్చిన ఫిర్యాదు మీదే కేసు. మొదటి సాక్షి ఆమె. కళ్లారా చూసిన తల్లి కుప్పమ్మ రెండో సాక్షి. వాయిదా మీద వాయిదా పడుతుండగానే, డెబ్బై ఎనిమిది వానాకాలంలో, పచ్చకామెర్లు సోకి పెంచలమ్మ పోయింది. ఆ తరవాత వెళ్లిన సమను వెనకవైపు కానిస్టేబులు ‘సదరు సాక్షి మరణించినది’ అని రాసి పంపాడు. ఏకాంబరం ముందువైపు ముద్ర మాత్రం చూసి కట్టలో పెట్టేశాడు. పాత జాబితానే కొత్త కాగితం మీదికి దించాడు.

వాయిదా రోజు బంట్రోతు వెంకటముని వరండాలోకి వచ్చి గొంతెత్తాడు. అతని పిలుపు రోడ్డు అవతలి టీ అంగడి దాకా వినబడుతుంది.

"పెంచలమ్మా! పెంచలమ్మా! పెంచలమ్మా!"

మూడో పిలుపుకు బల్ల మీదినుంచి కుప్పమ్మ లేచింది. "వస్తాండాది సామీ, వస్తాండాది!" అంది. పక్కనున్న ఖాళీ జాగా వైపు తిరిగి, "లెయ్ మే, పిలస్తాండారు" అంది.

జనం నవ్వారు. "వాయిదాలకు తిరిగి తిరిగి ముసల్దానికి మతి పోయినట్టుండాదప్పా" అన్నాడొకడు.

ఏకాంబరం నవ్వలేదు. కుప్పమ్మ లేచినప్పుడు బల్ల కిర్రుమంది. కాస్త ఆగి ఇంకోసారి కిర్రుమంది. తలుపు దగ్గర నిలబడి అతను రెండూ విన్నాడు.

సంగతి తెలిసి మేజిస్ట్రేటు మండిపడ్డాడు. "చచ్చిపోయిన మనిషిని పిలిపిస్తారా? వచ్చే వాయిదాకు ఆ పేరు తీసేసి తల్లిని హాజరుపెట్టండి. అదే ఆఖరు. ఆమె బోనెక్కకపోతే కేసు కొట్టేస్తాను."

సర్కారు వకీలు ఏకాంబరాన్ని పల్లెత్తు మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

ఆ వైపు పల్లెల్లో ఒక పట్టింపు ఉంది. పెద్దకర్మ అయ్యాక ఏడాది తిరిగేదాకా పోయినవాళ్ల పేరును వాకిట్లో నిలబడి ఎలుగెత్తి పిలవరు. అదే పేరు ఇంకొకరికి ఉంటే వాళ్లను కూడా ఏదో ముద్దుపేరుతో పిలుస్తారు. పిలిస్తే వస్తారని భయం. పాకాల దగ్గర పల్లెలో పుట్టిన ఏకాంబరం ఆ పట్టింపులోనే పెరిగాడు. ఇప్పుడు తన చేతిరాతను బట్టే వెంకటముని మూడుసార్లు పిలిచాడు.

అప్పటినుంచి, మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లి వరండా ఖాళీ అయినప్పుడు, బల్ల కిర్రుమనేది. బయటికి వచ్చి చూస్తే ఎవరూ ఉండరు. ఒకనాడు బల్ల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. అంతా చల్లగా ఉంది. ఆ చివర మాత్రం, ఎవరో ఇప్పుడే లేచిపోయినట్టు, గోరువెచ్చగా ఉంది. ఎండ పడిందేమో అనుకున్నాడు. ఆ మూలకు ఎండ రాదు.

కుప్పమ్మ వాయిదా లేని రోజుల్లో కూడా బస్సెక్కి వచ్చేది.

"ఆ పేరు కొట్టెయ్యొద్దు నాయనా. ఇంగొక్కతూరి పిలిపియ్యి."

"పిలిస్తే యాడొస్తాదమ్మా?"

"వచ్చింది గదా! నా తొడకు తొడ ఆనించి కూసునుండె. నువ్వు సూడ్లా?"

చూడలేదని ఏకాంబరం అనలేకపోయాడు. "పేరుంటే కేసు పోతాదమ్మా. దామోదరం మీసం దువ్వుకుంటా ఇంటికి పోతాడు" అన్నాడు.

"పోనీ. ఊళ్లో దాని పేరు ఎవురూ ఎత్తరు. ఎత్తగూడదని నేనూ నోరు కట్టుకున్నా. సర్కారొకటే పిలిచింది."

"నువ్వు సెప్పకుంటే దాని చెయ్యి ఎవురు ఇరగ్గొట్టినారో యాడా రాసుండదు. నీ బిడ్డ అబద్దం సెప్పిందని మిగిలిపోతాది."

"నీ కాగితం మింద కొట్టేసుకో. నేను మాత్రం దాని ఎనకాలే వస్తా. ముందు అది, తర్వాత నేను" అని లేచి వెళ్లిపోయింది.

ఊరి మునసబు దగ్గరినుంచి పెంచలమ్మ మరణం నమోదు నకలు వచ్చింది. ఏకాంబరం కొత్త జాబితా రాశాడు. అందులో మొదటి పేరే కుప్పమ్మ.

ఆఖరి వాయిదా నాడు దామోదరం తెల్లచొక్కా వేసుకుని ముందే వచ్చాడు. కుప్పమ్మ బల్ల మీద ఒక మనిషి పట్టే జాగా వదిలి కూర్చుంది.

"కుప్పమ్మా!"

ఆమె కదల్లేదు. ముందు రావాల్సిన పేరు కోసం వెంకటముని నోటి వైపే చూస్తోంది.

"కుప్పమ్మా!"

మూడో పిలుపుకు కూడా లేవకపోతే గైరుహాజరు రాసేస్తారు. లోపల దామోదరం వకీలు అప్పుడే లేచి నిలబడ్డాడు. వెంకటముని గొంతు తగ్గించి, "ఏందప్పా, ముసలామె కొయ్య మాదిరి కూసుండాది?" అన్నాడు.

ఏకాంబరం గబగబా వెళ్లి ఆమె ముందు వంగాడు. ఇన్నేళ్లలో సాక్షికి ఒక్క అబద్ధం చెప్పి ఎరగడు.

"పెంచలమ్మను పిలిచేసినారు లేమ్మా" అన్నాడు మెల్లగా. "ఇందాక నువ్వు నీళ్లకు పోయినప్పుడు. లోపలికి పోయి నిలబడుకోనుండాది. నువ్వు రా."

కుప్పమ్మ అతని మొహం చూసింది. పక్కన ఖాళీ జాగా మీద చెయ్యి నిమిరింది. "అవునే, ఈడ లేదు" అంది. మూడో పిలుపు ముగిసేలోగా లేచి గడప దాటింది.

బోనులో ఆమె తడబడలేదు. పార ఎట్లా ఎత్తాడో, పిల్ల ఏ చెయ్యి అడ్డం పెట్టిందో, ఎముక ఎట్లా చప్పుడు చేసిందో చెప్పింది. నడుమ ఒకటి రెండుసార్లు పక్కకు తిరిగి, "అంతే గదా మే?" అని అడిగింది. మేజిస్ట్రేటు కలం ఆపి, మళ్లీ రాసుకున్నాడు. దామోదరం తెల్లచొక్కా చంకల కింద తడిసింది.

బయటికి వచ్చి కుప్పమ్మ, "ఇంగ నేను రాబళ్లేదు గదా?" అంది.

"రాబళ్లేదమ్మా."

"మంచిది. దాన్ని ఈడే ఉండనీ. నీడుండాది, మనుసులుండారు. ఇంటికాడయితే పలకరించే దిక్కు లేదు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "దినానికొకతూరన్నా పలకరించు నాయనా. లోపలికి పంపింది నువ్వే గదా."

బస్సుకు వేళయిందని వెళ్లిపోయింది. ఆమె అంత తేలిగ్గా నడవడం అతను ఎప్పుడూ చూడలేదు.

సాయంత్రం వెంకటముని తాళాల గుత్తి తెచ్చి కోర్టు హాలు తలుపులు దగ్గరికి వేశాడు.

"రవంత ఉండప్పా" అన్నాడు ఏకాంబరం.

"లోపల ఎవురుండారనీ?"

ఏకాంబరం తలుపు ఓరగా తెరిచి, చీకటి పడుతున్న హాల్లోకి మొహం పెట్టి, ఆ పేరును ఒక్కసారి, మెల్లగా పిలిచాడు. వెంకటముని గడియ వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. బోను దగ్గరినుంచి గడప దాకా మనిషి నడిచి రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు అట్లాగే నిలబడి, ఆ తరవాత పక్కకు తప్పుకుని దారిచ్చాడు.