క్యారియర్

పప్పు దించి మనోజ గరిటె కింద పెట్టిందో లేదో, అత్త శకుంతలమ్మ వచ్చి కొడుకు క్యారియర్ అందుకుంది. "నువ్వు జర జరుగు, డబ్బాలు నేను సర్దుత."

వండేది మనోజ, సర్దేది అత్త. రక్తదాన శిబిరంలో మనోజకు హెపటైటిస్-బి ఉందని బయటపడ్డప్పటి నుంచి ఇంట్లో ఇదే పద్ధతి. ఆమె భర్త అరవింద్ జూబ్లీ హిల్స్‌లో ఓ నిర్మాత కారు నడుపుతాడు. డాక్టరు దగ్గరికి తోడొచ్చి, ఫోన్లో సారుకు జవాబు చెప్పుకుంటూ ఒక్క మాటే చెవిన వేసుకున్నాడు. "క్యారియర్‌తోని అంటుకుంటదట," అని ఇంటికొచ్చి తల్లికి చెప్పాడు. ఆ పూటే పాత క్యారియర్ పాత సామాన్లవాడి పాలైంది. మనోజకు కంచం, గ్లాసు వేరయ్యాయి. అన్నిటికన్నా నొప్పి పెట్టింది ఒకటే, కూతురు స్ఫూర్తికి ముద్ద కలిపి పెట్టొద్దన్నారు. మరి వంటో? "పొయ్యి మీద మరిగితే ఏ పురుగైనా చస్తది," అంది అత్త. అంట్లు, చీపురు కూడా మనోజవే. భలే తెలివైన పురుగు, చాకిరీ జోలికి మాత్రం రాదు.

ఆ రోజు మనోజ, ఫిల్మ్ నగర్‌లో తను సినిమా బట్టలు కుట్టే దుకాణానికి సెలవు పెట్టి, కొత్త రిపోర్టులతో ఒంటరిగానే వెళ్లింది. ఆటోలో దారి పొడుగునా ఒకటే ఆలోచన. తనకేమైనా అయితే పిల్ల గతేమిటి?

డాక్టర్ నిహారిక కాగితాలు తిరగేసింది. "ఎస్జీపీటీ మామూలుగా ఉంది. అంటే కాలేయం ఇప్పుడు దెబ్బతినడం లేదు. రక్తంలో వైరస్ కూడా చాలా తక్కువ. లోపల ఉంది కానీ పడుకుని ఉంది. మీరు ఇనాక్టివ్ క్యారియర్. ఇప్పటికి మందులు అక్కర్లేదు, ఆరు నెలలకోసారి పరీక్ష మాత్రం మానొద్దు."

"క్యారియర్ మార్చినం మేడం," అంది మనోజ భయంగా. "పాతది అమ్మేసినం."

డాక్టరు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగింది. "క్యారియర్ అంటే అన్నం డబ్బా కాదమ్మా, వైరస్‌ను మోసే మనిషి. మీకు బహుశా పుట్టుకతోనే వచ్చి ఉంటుంది, మీ తప్పేం లేదు. రక్తంతో, శారీరక సంబంధంతో అంటుతుంది కానీ కంచంతోనో ముద్దతోనో కాదు. పాపకు టీకాలు పడ్డాయి, పరీక్షా బాగుంది. మీవారినే ఇంకా పరీక్షకు పంపలేదు."

మోసే మనిషి! మనోజకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నీళ్ల బిందెలు, అత్త అలకలు, మొగుడి కోపం, పెళ్లయినప్పటి నుంచి మోస్తూనే ఉంది. అన్నిటిలోకీ ఈ వైరసే నయం, కుదురుగా పడుకుంది.

రహమత్ నగర్‌లో ఇల్లు చేరాక డాక్టరు చెప్పిందంతా ఇద్దరికీ చెప్పింది. "రేపు నువ్వు పోయి పరీక్షకు రక్తం ఇచ్చి రా," అంది అరవింద్‌తో.

"నాకేమైంది?"

"ఏం కావద్దనే."

తర్వాత స్ఫూర్తిని పక్కన కూర్చోబెట్టుకుని పప్పన్నం కలపసాగింది.

"ఏంది గిది?" శకుంతలమ్మ గొంతు లేచింది. "డాక్టర్లు ఎన్నైనా చెప్తరు."

మనోజ చెయ్యి ఆగలేదు. "ముద్దకు పనికిరాని చెయ్యి వంటకెట్ల పనికొస్తది అత్తమ్మా? వద్దంటే రెండూ బంద్ చేస్త."

అత్త కొడుకు వైపు చూసింది. కొడుకు పొయ్యి వైపు చూశాడు. స్ఫూర్తి మాత్రం ఎవరి వైపూ చూడకుండా నోరు తెరిచింది.