చెంబు దారి

ఆ ఉదయం నేను ఎనిమిది మందికి సరిపడా పెసరపిండి రుబ్బుతున్నాను. మా ఆయనకూ, కాలువకు కొలతలు తీయడానికి వచ్చిన సర్వే వాళ్ళు ఏడుగురికీ. రూపనగుడి నుంచి నాలుగు మైళ్ళు లోపలికి ఉన్న ఆ పల్లెలో హోటలు లేదు. "మా సరోజిని ఉండగా మీకు తిండికి లోటేమిటి" అని ఆయన వాళ్ళకు మాట ఇచ్చేశారు. ఆ సంగతి నాకు తెలిసింది మాత్రం ఏడుగురూ గుమ్మంలో చెప్పులు విప్పుతున్నప్పుడే. అది పందొమ్మిది వందల యాభై అయిదు. బళ్ళారి మైసూరులో కలిసి రెండేళ్ళు కావస్తోంది. తెనాలి వైపు నుంచి కాలువ పనుల మీద వచ్చిన ఓవర్సీరు కోటిలింగంగారి భార్యగా నేను ఆ ఊళ్ళో కాపురం పెట్టి ఏడాదయింది. ఆ ఏడాదిలో నాతో కూర్చుని మాట్లాడిన మనిషి ఒక్కతే, పాలు పోసే పక్కీరమ్మ.

ఆ రోజు పక్కీరమ్మ పాలచెంబు కింద పెట్టి, నా చేతిలోంచి పొత్రం లాక్కుని తను తిప్పడం మొదలుపెట్టింది.

"అమ్మా, ఆ ఎర్రగుడ్డల కట్టెలు పాతినారే, కాలువ సీదా ఆ పక్కకే పోతాదా?"

"అలాగే అంటున్నారు."

"అట్లయితే మా దారి తెగిపోతాది గదమ్మా."

ఏ దారి అని అడిగాను. బండ్ల దారి ఊరికి పడమటగా ఉందని నాకు తెలుసు. అక్కడ వంతెన వేస్తారని ఆయన చెప్పారు కూడా.

పక్కీరమ్మ గొంతు తగ్గించింది. "బండ్ల దారి మొగోళ్ళది. మాది ఈ పక్క ఉండాది, తుమ్మచెట్ల సందులోంచి. తెల్లారకముందు చెంబు పట్టుకోని పొయ్యేది ఆ దారే. వాగునీళ్ళల్లో బట్టలుతికే హళ్ళం ఆ పక్కే. కలుపుకి పోవాలన్నా, గడ్డికి పోవాలన్నా ఆడికే. దినానికి మూడుతూర్లు పోతామమ్మా. బండ్ల దారిన సుట్టుకోని పోవాలంటే ఆగల్ల, అయ్యే పని కాదు. మీ అయ్యప్పకి ఒగ మాట చెప్పు."

మా ఆయనకు చెబుతానన్నాను. నాకు అది చాలా చిన్న పనిలా కనిపించింది. వంతెన వేసేవాడు నా ఇంట్లో, నా చేతి అట్టు తింటున్నాడు. చెబితే చాలదా?

సర్వే వాళ్ళు వెళ్ళాక ఆయన బల్ల మీద పటం పరిచి పెన్సిలుతో గీతలు గీస్తున్నారు. కాఫీ పెట్టి పక్కన నిలబడ్డాను. ఊరూ, చెరువు గట్టూ, బండ్ల దారీ, మసీదూ, కరణంగారి చింతతోపూ అన్నీ ఉన్నాయి అందులో. తుమ్మచెట్ల దారి లేదు. వేలు పెట్టి చూపించాను. ఇక్కడ ఆడవాళ్ళు నడిచే దారి ఒకటి ఉందిట, ఇక్కడ కూడా ఒక చిన్న వంతెన కావాలిట అన్నాను. ఆయన ముందు అర్థం కానట్టు చూశారు. అర్థమయ్యాక పగలబడి నవ్వారు.

"అది చెంబు దారే పిచ్చిదానా! చెంబు దారికి వంతెన అని కాగితం మీద ఎలా రాయను?"

నాకూ సిగ్గేసింది. కాఫీ గ్లాసు తీసుకుని లోపలికి వచ్చేశాను. ఆ సిగ్గును తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో. ఆడవాళ్ళు అటు వెళ్తారని మర్యాద కొద్దీ మగవాళ్ళెవరూ అటు పోరు. మగవాళ్ళెవరూ పోరు కనుక సర్వే వాళ్ళకు ఆ దారి చూపించినవాడు లేడు. ఊళ్ళో సగం మంది రోజుకు మూడుసార్లు నడిచే దారి, మర్యాద వల్లే, లేని దారి అయిపోయింది.

ఎస్టిమేటు తయారై పైకి వెళ్ళింది. ఆరు నెలలకు శాంక్షనై తిరిగొచ్చింది. ఆ రోజు ఆయన సంతోషంగా ఉన్నారు. బొబ్బట్లు చేయమన్నారు. వడ్డిస్తూ రెండోసారి అడిగాను. ఆయన ముఖం మాడిపోయింది. "శాంక్షనై వచ్చిన దాన్ని మార్చడానికి నేనెవర్ని? పైన ముగ్గురు ఇంజనీర్లు సంతకాలు చేశారు. వంటింట్లో కూర్చుని కాలువలు కట్టకు" అన్నారు. పిల్లలు లేకపోవడం వల్ల నాకు ఊరి గోలలన్నీ కావలసివస్తున్నాయని కూడా అన్నారు. ఆ మాట తగలవలసిన చోటే తగిలింది.

తవ్వకం మొదలైంది. వడ్డెవాళ్ళు గాడిదలతో, గునపాలతో వచ్చి ఊరి బయట గుడిసెలు వేసుకున్నారు. మట్టి తట్టలు మోసేవాళ్ళంతా ఆడవాళ్ళే. కాలువ ఊరు దగ్గరకు వచ్చేసరికి తుమ్మచెట్లు కొట్టేశారు, దారి మధ్యకు తెగింది. అయినా ఊరి ఆడవాళ్ళు నడక మానలేదు. ఎండు కాలువలోకి దిగి అవతలి గట్టు ఎక్కేవాళ్ళు. రోజూ దిగీ ఎక్కీ గట్టు మీద వాళ్ళ పాదాలే మెట్లు కట్టాయి. పక్కీరమ్మ కోడలు కరియమ్మ కొత్తగా కాపురానికి వచ్చింది అప్పుడే. కూడ్లిగి పక్క మెట్ట ఊరి పిల్ల, పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. అత్త వెనక పాలచెంబు పట్టుకుని వచ్చేది. మా ఇంట్లో అద్దం ముందు నిలబడి జడ సరిచేసుకుని, నేను చూస్తే నాలుక కరుచుకునేది.

"ఇంత పెద్ద కాలువ నిండా నీళ్ళొస్తాయామ్మా? మా ఊళ్ళో బాయిలో అడుగునుండే నీళ్ళే మేం చూసింది" అంది ఒకసారి.

మూడోసారి నేను అడిగింది ఆ రోజే. వంతెన కాకపోతే నాలుగు మొద్దులైనా అడ్డంగా వేయించండి అన్నాను. ఆయన విసుక్కోకుండా, "ముందు నీళ్ళు రానీ, చూద్దాం" అన్నారు. ఆ 'చూద్దాం' నాకు వరంలా వినిపించింది. మర్నాడు పక్కీరమ్మతో, "వేస్తారు, మాట ఇచ్చారు" అని చెప్పాను. ఆయన మాట ఇవ్వలేదు. ఇచ్చింది నేను. నా ఇంట్లో నా మాటకు విలువ ఉందని ఆ ఒక్క మనిషి ముందైనా అనిపించుకోవాలని ఇచ్చాను.

యాభై ఏడు జూలైలో నీళ్ళు వదిలారు. పెద్దలు వచ్చారు. కొబ్బరికాయలు కొట్టారు, గట్టు మీద పందిరి వేశారు. నేను తెల్లవారుజాము నుంచి పులిహోర కలిపాను. "ఓవర్సీరుగారి ఇంటి చేయి" అని అందరూ మెచ్చుకున్నారని ఆయన వచ్చి చెప్పారు. నేను పందిట్లోకి వెళ్ళలేదు, గిన్నెలు ఉన్నాయి.

మొదటి రెండు రోజులు నీళ్ళు నడుము లోతున ఉన్నాయి. ఆడవాళ్ళు చేతులు పట్టుకుని వరసగా దాటారట. మూడో రోజు రాత్రి పై తూము పూర్తిగా ఎత్తారు. ఎత్తుతున్నామని పొలాల్లో ఉన్న మగవాళ్ళకు మాత్రం కబురు చేయించారు, మళ్ళు సరిచేసుకోమని. తెల్లవారి ఇంకా మసకగా ఉండగానే కరియమ్మ చెంబు పట్టుకుని ఆ మెట్ల మీదుగా దిగింది. మెట్లు నీళ్ళలో కరిగిపోయాయని ఆమెకు తెలియదు. మైలు దిగువన ఇంకో తూము దగ్గర దొరికింది.

ఆయన మధ్యాహ్నం ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నారు. "దారి కానిచోట దిగింది" అన్నారు. నేను అన్నం పెట్టలేదు. ఆయన అడగనూ లేదు.

పై నుంచి విచారణకు పెద్ద ఇంజనీరు వస్తున్నారని కబురొచ్చింది. ఆయన రెండు రోజులు కూర్చుని రిపోర్టు రాశారు. రాసి, నన్ను పిలిచి, "ఆయన మనింట్లోనే భోంచేస్తారు. నువ్వు వడ్డించి లోపలికి వెళ్ళిపో. పక్కీరమ్మను ఇటు రానివ్వకు" అన్నారు.

"ఆ దారి సంగతి మీరు పైవాళ్ళకు ఒక్కసారైనా చెప్పారా?" అని అడిగాను.

ఆయన పెన్నుకు మూత పెట్టారు. "నువ్వు చెప్పింది నిజమేనని నాకు మొదటే తెలుసే. నేను వెళ్ళి చూశాను కూడా, మనిషి వెడల్పున నలిగిన దారి. కానీ ఎలా చెప్పను? మా ఆవిడ చెప్పింది, పాలమ్మి చెప్పింది అంటే ఆ ఆఫీసులో నా మొహం మీద నవ్వరూ?" అన్నారు.

రెండేళ్ళుగా ఆయన నా మాట వినలేదని బాధపడ్డాను. నమ్మలేదనుకున్నాను, తెలియదనుకున్నాను. తెలియనివాడి మీద జాలిపడి కాపురం చేయవచ్చు. ఆయన విన్నారు, నమ్మారు, పోయి చూసి వచ్చారు. ఆ మాట ఆడదాని నోట్లోంచి వచ్చిందన్న ఒక్క నామోషీతో దాన్ని జేబులో పెట్టుకుని తిరిగారు. అదే మాట కరణంగారు అని ఉంటే? సర్వే వాళ్ళలో గొలుసు లాగేవాడు అని ఉంటే? కరియమ్మ ఇవాళ నా అద్దం ముందు నిలబడి ఉండేది. నేను చేసిన బొబ్బట్లు, పులిహోర అందరికీ చేరాయి. నా మాట ఒక్కటి గుమ్మం దాటలేదు.

కరియమ్మ పోయిన పదకొండో రోజు పక్కీరమ్మ వచ్చింది. పాలు తేలేదు. గుమ్మం బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"అమ్మా, ఒగటే మాట అడుగుతా. నీవు అయ్యప్పకి చెప్పినావా, లేదా?"

"చెప్పాను పక్కీరమ్మా. మూడుసార్లు చెప్పాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. అబద్ధమని ఆమె అనుకోలేదు. అనుకుంటే బాగుండేది.

"అట్లయితే నీ మాట యాడ పోయిందమ్మా?" అని వెళ్ళిపోయింది.

పెద్ద ఇంజనీరు వెంకటకృష్ణయ్యగారు ఆ మర్నాడే వచ్చారు. నెమ్మదైన మనిషి, తెల్లజుట్టు. గట్టు చూసి వచ్చి, రిపోర్టు చదివి, భోజనానికి కూర్చున్నారు. కూర రుచిగా ఉందన్నారు. తర్వాత మామూలుగానే, "అయితే కోటిలింగం, ఊళ్ళోవాళ్ళు ఎవరూ అక్కడ దారి ఉందని నీ దృష్టికి తేలేదంటావు?" అని అడిగారు.

"ఎవరూ తేలేదు సార్."

నేను చారు పోస్తున్నాను. అది ఆకు దాటి పోయింది. గరిటె గిన్నెలో పెట్టాను.

"నేను చెప్పానండీ" అన్నాను. "మూడుసార్లు చెప్పాను."

మా ఆయన తల ఎత్తలేదు. చిన్నగా నవ్వబోయారు. "ఇంట్లో ఆడవాళ్ళు ఏవో అంటూ ఉంటారు సార్, అవన్నీ..."

"ఉండవయ్యా." వెంకటకృష్ణయ్యగారు నా వైపు తిరిగారు. "ఎప్పుడమ్మా?"

చెప్పాను. పటం గీస్తున్నప్పుడు ఒకసారి, శాంక్షను వచ్చినప్పుడు ఒకసారి, తవ్వుతున్నప్పుడు ఒకసారి. అది ఏ దారో కూడా చెప్పాను. చెంబు అన్న మాట ఇద్దరు మగవాళ్ళ ముందు పలికాను. భూమి ఏమీ బద్దలు కాలేదు. పెద్దాయన మజ్జిగ అన్నం తినకుండా లేచి చేయి కడుక్కున్నారు. "పదమ్మా, చూపించు" అన్నారు. తల మీద కొంగు కప్పుకుని ముందు నేను నడిచాను. ఆ ఊళ్ళో అన్నాళ్ళు ఉండీ ఆ కాలువ గట్టు ఎక్కడం నాకదే మొదలు. నన్ను చూసి ఊళ్ళో ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళలోంచి వచ్చారు. పెద్దాయన అడిగారు, వాళ్ళు చెప్పారు. పక్కీరమ్మ రాలేదు.

తర్వాత జరిగినవి త్వరగానే చెబుతాను. మరుసటి వేసవిలో కాలువకు నీళ్ళు కట్టేసినప్పుడు అక్కడ బండలతో వంతెన వేశారు. అంతకు ముందే మా ఆయన్ను సండూరు కొండల వైపు, ఇంకా సర్వే కూడా మొదలుకాని పని మీదకు బదిలీ చేశారు. ఆ సంవత్సరం రావలసిన ప్రమోషను రాలేదు. మా అత్తగారు సుబ్బమ్మగారు తెనాలి నుంచి ఉత్తరం రాయించారు: "మొగుడి నోటి దగ్గర కూడు లాగేసిన ఆడదాన్ని మా వంశంలో ఇప్పుడే చూస్తున్నాం." ఆయన ఆ ఉత్తరాన్ని నాకు వినపడేలా రెండుసార్లు చదివారు. బయలుదేరే రోజు పక్కీరమ్మ ఇంటికి వెళ్ళాను. పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

కొత్త ఊళ్ళో ఆరు నెలలు ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఉప్పు, నీళ్ళు, తాళంచెవి, అంతే. నేను తప్పు చేశానా అని ఆలోచించుకుంటూ ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో. ఆయన కుంగిపోయి కూర్చుంటే కాఫీ కలిపి పక్కన పెట్టేదాన్ని. కానీ వెనక్కి వెళ్ళి ఆ గరిటె మళ్ళీ చేతిలోకి తీసుకుంటే, మళ్ళీ ఆ మాటే అంటాను. ఎంత ఆలోచించినా అక్కడికే వచ్చేదాన్ని.

ఒకరోజు సాయంత్రం నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. ఆయన నేల మీద కొత్త పటం పరుచుకుని కూర్చున్నారు. కాసేపటికి తలెత్తకుండానే, "మనకు పాలు పోసేది ఎవరు?" అన్నారు.

"ఉచ్చంగెమ్మ అని ఒకామె."

"ఇక్కడి ఆడవాళ్ళు ఎటు నడుస్తారో ఆమెను మెల్లగా అడిగి తెలుసుకో. ఈసారి ముందే గీసేస్తాను."

నా గుండె ఒక్కసారి ఎగిసింది. అబద్ధం ఎందుకు, సంతోషమే అది. ఆరు నెలల మౌనం తర్వాత ఆయన పటం మీద నాకు చోటు ఇచ్చారు. లేచి వెళ్ళి పక్కన కూర్చోవాలనిపించింది. అంతలోనే ఆ చోటు ఏమిటో కనిపించింది. మళ్ళీ వాళ్ళు నాకు చెబుతారు, నేను ఆయనకు మోస్తాను, ఆయన వీలైతే గీస్తారు, నామోషీ అయితే జేబులో పెట్టుకుంటారు. మధ్యలో ఇంకో పిల్ల చెంబు పట్టుకుని నీళ్ళలోకి దిగుతుంది.

"నేను అడగను" అన్నాను.

ఆయన తలెత్తారు. "అదేమిటి? నువ్వు కోరిందే కదా ఇది?"

"మీరు అడగండి."

"నేనా? ఆ సంగతి ఆడవాళ్ళను నేనెలా అడుగుతానే?"

"ఆ ఊరి ఆడవాళ్ళు పెద్దాయనకు ఎలా చెప్పారో అలాగే." చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపాను. "రేపు పొద్దున ఉచ్చంగెమ్మ వచ్చినప్పుడు తలుపు మీరు తీయండి. నేను లేవను."