తిప్పక్కరలేని యాంటెనా

నాగజ్యోతి కర్నూలు కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఓర్వకల్లులో తమ మిద్దె మీద ఒక చిన్న పెట్టె పెట్టుకుంది. ఆకాశంలో పోయే విమానం తానెక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో రేడియోలో చెప్పుకుంటూ పోతుంది. పెట్టె అది విని ఇంటర్నెట్‌కు పంపుతుంది. ఇలా వేలమంది పంపినవన్నీ కలిసి, ఫోనులో మ్యాపు మీద విమానాలు కదులుతూ కనబడతాయి.

కానీ పక్కనున్న విమానాశ్రయంలో దిగే విమానం మాత్రం కిందికి రాగానే రాళ్లగుట్టల చాటున పడి మ్యాపులో మాయమయ్యేది. పెట్టెకున్న యాంటెనాను ఇంకా పైకి లేపాలి.

"లాలన్నను పిలువు," అంది తల్లి లక్ష్మీదేవమ్మ.

లాల్ అహమ్మద్ ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ టీవీ యాంటెనాలు కట్టినవాడు. డిష్‌లు వచ్చాక మోటార్ల రిపేరులో పడ్డాడు. కబురు అందగానే ఇనుప పైపు భుజాన వేసుకుని వచ్చాడు. మిద్దెక్కి దాని కొసకు యాంటెనా బిగించి నిలబెట్టి, తీగలు లాగి కట్టాడు.

"యా పక్కకు తిప్పాల పాపా?"

"తిప్పే పనే లేదు మామా. అన్ని దిక్కులా వింటాది."

"తిప్పకుండా యాంటెనా ఏందమ్మా!" అన్నాడు, పైపు మీద చెయ్యి తీయకుండానే.

కింద వాకిట్లో లక్ష్మీదేవమ్మ నవ్వింది. "గ్యాపకం ఉండాదా అన్నా? నువ్వు ఆడ తిప్పుతాంటే వీధంతా ఈడ్నించి 'వచ్చె, వచ్చె, అయ్యో పాయె' అని అరుస్తాండె."

"యాల లేదు, బాగ ఉండాది. ఒక ఆదివారం సినిమా నడమ గాలికి తిరిగిపాయె. వానలో నన్ను ఎక్కిస్తిరి. నేను దిగేలోపల సినిమా అయిపాయె. ఇంటికి పోయినాక మా సర్దార్ బీ కథ చెప్పె. ఆఖర్న చచ్చిపోయిన హీరోను బతికిచ్చి చెప్పింది నాకు, చచ్చిపాయెనంటే నేను అన్నం సరిగా తిననని."

సర్దార్ బీ అతని భార్య. పోయి మూడేళ్లయింది. లాల్ అహమ్మద్ వంగి తీగల ముడులు ఇంకోసారి బిగించాడు.

సాయంత్రం బెంగళూరు విమానం వచ్చింది. ఈసారి మాయం కాలేదు. రన్‌వే మీద ఆగేదాకా మ్యాపులో కనబడింది.

"బెంగళూరులో లేసేది ఎవురు పట్టినారు?" అడిగాడు ఫోనులోకి చూస్తున్న లాల్ అహమ్మద్.

"ఆడ ఎవరి మిద్దె మీదో మనలాంటి పెట్టె ఉంటాది మామా. వాళ్లెవరో నాకూ తెలీదు."

"మరి ఆత్మకూరు తట్టు?"

"ఆ పక్క ఎవరూ పెట్టలేదు."

"ఆడ మా తమ్మునికి మంచి ఎత్తు మిద్దె ఉండాది. నువ్వు పెట్టె తే, పైపు నేను తెస్తా."

ఆ వారమే ఇద్దరూ ఆత్మకూరు బస్సెక్కారు. పైపును లోపలికి రానివ్వనని కండక్టరు పట్టుబట్టాడు. లాల్ అహమ్మద్ అతన్ని పక్కకు పిలిచి, విమానాల సంగతి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.